రెండంగుళాల ఎత్తు

బెంగళూరు టౌన్‌హాల్ నుంచి మినర్వా సర్కిల్ వైపు సాగే జె.సి. రోడ్డులోనూ, దాని పక్క సందుల్లోనూ కారుకో జీపుకో తగిలించగలిగిన వస్తువు ఏదైనా దొరుకుతుంది. మందపాటి రబ్బరు స్పేసర్లు, లోతైన గాళ్లున్న మడ్ టైర్లు, ఇనుప బంపర్లు, దిగబడ్డ బండిని తాడుతో లాగే వించ్‌లు, టాపు మీద బిగించే క్యారియర్లు, బానెట్ పక్కనుంచి పైకి లేచే స్నార్కెళ్లు. మహీంద్రా థార్ కొత్త రూపం 2020 అక్టోబరు 2న వచ్చింది. అయిదు తలుపుల మారుతి జిమ్నీ 2023 జూన్‌లో వచ్చింది. వాటితో కొండదారుల సరదా ఈ ఊరి సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల ఇళ్లదాకా పాకింది. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, సర్జాపుర రోడ్డు అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో ఏపీ, తెలంగాణ నంబర్లతో ఉన్న థార్‌లు కనిపిస్తూనే ఉంటాయి. వాటిలో చాలావాటికి కొన్న కొద్దికాలానికే ఎత్తు పెరుగుతుంది, చక్రాలు లావవుతాయి. ఆ మార్పుల్లో బండికి మేలు చేసేవి ఎందుకు తక్కువో ఈ అధ్యాయంలో చూద్దాం.

ముందు నేల సంగతి. బెంగళూరు దక్కను పీఠభూమి మీద, సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. పడమటికి నాలుగైదు గంటలు నడిపితే సకలేశపుర, చిక్కమగళూరు, కొడగు వస్తాయి. అక్కడ కాఫీ తోటలు, నెలల తరబడి వాన, అడుగు వేస్తే జారే ఎర్ర బంకమట్టి. తూర్పుకీ ఉత్తరానికీ వెళ్తే కోలారు, చిక్కబళ్లాపుర, ఆపైన మన మదనపల్లె, అనంతపురం. అక్కడ గ్రానైటు గుండ్లు, ఎండిన వాగుల్లో ఇసుక, ముళ్లకంప. పడమటి బురదలో టైరు పైపొరను కోసుకుంటూ కింది గట్టినేలను అందుకోవాలి. తూర్పు ఇసుకలో దిగబడకుండా పైనే తేలాలి. గుండ్ల మీద కడుపు తగలకుండా దాటాలి. మూడింటికీ ఒకేలా పనికొచ్చే కిట్ ఎక్కడా తయారవదు. పైగా ఆ బండి తన జీవితంలో అత్యధిక భాగం గడిపేది తారురోడ్డు మీదే: ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో పాకుతూ, వారాంతాల్లో హైవే మీద వంద కిలోమీటర్ల వేగంతో పరుగెడుతూ.

బండిని రూపొందించిన ఇంజనీరు దగ్గర కొన్ని అంకెలుంటాయి. చక్రం వ్యాసం, గేరు నిష్పత్తి, స్ప్రింగు గట్టిదనం, బ్రేకు డిస్కు పరిమాణం, మొత్తం బరువు, గరిమనాభి ఎత్తు. ఇందులో ఏ అంకెనూ విడిగా నిర్ణయించరు. ఒకదాన్ని చూసి మరొకటి, ఆ రెంటినీ చూసి మూడోది. దుకాణంలో మనకు అమ్మేది వీటిలో ఒక్క అంకెను. అది కదిలించిన మిగతా అంకెల ధర ఆ బిల్లులో ఉండదు. మలుపులో, ఘాట్ దిగేటప్పుడు, వాగు మధ్యలో అది వసూలవుతుంది.

ఎత్తుతోనే మొదలుపెడదాం, ఎందుకంటే దాదాపు అందరూ మొదలుపెట్టేది దానితోనే. రెండంగుళాల లిఫ్ట్ అంటే స్ప్రింగు మీద స్పేసరు పెట్టో, పొడుగు స్ప్రింగు వేసో ఛాసిస్‌ను ఇరుసు నుంచి 50 మిల్లీమీటర్లు పైకి జరపడం. దీనివల్ల నిజమైన లాభాలున్నాయి. ముందు బంపరు అంచు పైకి లేస్తుంది కాబట్టి నిటారు గట్టు ఎక్కేటప్పుడు ముక్కు తగలదు. రెండు ఇరుసుల మధ్య భాగం కూడా లేస్తుంది. పెద్ద టైరుకు చోటు దొరుకుతుంది. అయితే జిప్సీ, జిమ్నీ వంటి బళ్లలో ముందూ వెనకా, థార్‌లో వెనక ఉండేది గట్టి ఇరుసు. రెండు చక్రాలకూ శక్తిని పంచే డిఫరెన్షియల్‌ను మోసే గుండ్రటి డబ్బా ఆ ఇరుసులోనే భాగం. బండిలో నేలకు అన్నిటికంటే దగ్గరగా ఉండేది, రాయికి ముందుగా తగిలేది తరచూ అదే. ఎంత లిఫ్ట్ వేసినా అది ఒక్క మిల్లీమీటరు కూడా లేవదు. దాన్ని లేపగలిగేది టైరు ఒక్కటే, అదీ వ్యాసంలో పెరిగినదానిలో సగమే. నేల నుంచి ఖాళీ పెరుగుతుందన్న మాట మీద లిఫ్ట్ కొన్నవాళ్లు, అసలు తగిలే చోట ఖాళీ పెంచుకోకుండానే డబ్బు కట్టి వస్తున్నారు.

మరి పెరిగేదేమిటి? గరిమనాభి ఎత్తు. బండి పక్కకు బోల్తా పడే అవకాశాన్ని అంచనా వేయడానికి ఇంజనీర్లు ఒక సులువైన లెక్క వాడతారు. ఒకే ఇరుసు మీది రెండు చక్రాల మధ్య దూరాన్ని గరిమనాభి ఎత్తుకు రెట్టింపుతో భాగిస్తే వచ్చే సంఖ్యను స్థిర స్థిరత్వ గుణకం అంటారు. అమెరికా రహదారి భద్రతా సంస్థ బోల్తా రేటింగులు ఇవ్వడానికి దీన్నే ఆధారం చేసుకుంది. మామూలు కార్లకు ఇది 1.3 నుంచి 1.5 దాకా, ఎత్తయిన ఎస్‌యూవీలకు 1.0 నుంచి 1.3 దాకా ఉంటుంది. 1.0 అంటే, బండి బరువుకు సమానమైన బలం పక్కనుంచి పనిచేస్తే, లెక్క ప్రకారం చక్రాలు లేచిపోతాయి. నిజంగా అంతకంటే ముందే లేస్తాయి, ఎందుకంటే స్ప్రింగులు ఒరుగుతాయి, టైర్లు ఒత్తుకుంటాయి.

ఈ లెక్కకు మన దేశంలోనే చక్కని ఉదాహరణ ఉంది. మారుతి జిప్సీ 1985లో వచ్చింది. ఆ కుటుంబానికే చెందిన సుజుకి సమురాయ్ అప్పుడే అమెరికా మార్కెట్‌లోకి వెళ్లింది. 1988లో అక్కడి కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక, హఠాత్తుగా పక్కకు తిప్పి మళ్లీ వరసలోకి తెచ్చే పరీక్షలో సమురాయ్ ఒరిగిపోతోందని చెప్పి, దాన్ని ‘అంగీకారయోగ్యం కాదు’ అని ప్రకటించింది. బండిని వెనక్కి పిలిపించాలన్న విన్నపాన్ని ప్రభుత్వ భద్రతా సంస్థ తిరస్కరించింది. సుజుకి 1996లో పత్రిక మీద దావా వేసింది. అది 2004లో రాజీతో ముగిసింది. ఎవరిది న్యాయమన్నది అలా ఉంచితే, వెడల్పు తక్కువ, ఎత్తు ఎక్కువ ఉన్న తేలికపాటి బండికి ప్రతి సెంటీమీటరూ లెక్కేనని ఆ గొడవ ప్రపంచానికి తెలియజెప్పింది. ఇక్కడ మారుతి 1993లో చక్రాల మధ్య దూరాన్ని 90 మిల్లీమీటర్లు పెంచిన జిప్సీని తెచ్చింది. ముందు చక్రాల మధ్య 1,210గా ఉన్నది 1,300 అయింది.

ఇప్పుడు కాగితం, పెన్సిలు తీసుకోండి. లెక్క కోసం జిప్సీ గరిమనాభి ఎత్తు 600 మిల్లీమీటర్లు అనుకుందాం. పాత జిప్సీకి గుణకం 1,210 భాగించు 1,200, అంటే 1.01. వెడల్పు చేసిన జిప్సీకి 1.08. ఇప్పుడు దానికి రెండంగుళాల లిఫ్ట్ వేయండి. ఇరుసులు, చక్రాలు లేవవు కాబట్టి మొత్తం గరిమనాభి 50 మిల్లీమీటర్లు పెరగదు, సుమారు 40 పెరుగుతుంది అనుకుందాం. గుణకం 1,300 భాగించు 1,280, అంటే 1.02. ఇరుసులు మార్చి, కొత్తగా పరీక్షించి, కంపెనీ సాధించిన తొమ్మిది సెంటీమీటర్ల వెడల్పు లాభం దాదాపు మొత్తం ఒక్క మధ్యాహ్నంలో తిరిగి పోయింది. నాకు ఈ లెక్క ఎప్పుడు చూసినా బాధ కలిగిస్తుంది. ఆ బండి యజమాని దాన్ని ప్రేమతోనే లిఫ్ట్ చేయిస్తాడు.

టాపు మీది బరువు ఇంతకంటే ఎక్కువ మోసగిస్తుంది, ఎందుకంటే దాన్ని మార్పుగా ఎవరూ లెక్కపెట్టరు. 1,300 కిలోల బండి మీద, నేల నుంచి 1.8 మీటర్ల ఎత్తున, 60 కిలోల క్యారియరు, గుడారం కలిపి పెట్టారనుకోండి. గరిమనాభి 5 సెంటీమీటర్లకు పైగా పైకి పోతుంది. అంటే పైన చెప్పిన లిఫ్ట్ చేసిన చెరుపు కంటే ఇది ఎక్కువ. లిఫ్ట్ మీద వందసార్లు ఆలోచించిన మనిషి కూడా టాపు మీద రెండు డీజిల్ క్యాన్లు, ఒక స్టెప్నీ టైరు కట్టి చార్మడి ఘాట్ దిగుతాడు. ఆ డీజిల్ క్యాన్లను వెనక సీటు కాళ్ల దగ్గరకు దించితే ఖర్చు లేకుండా బండి నిలకడ పెరుగుతుంది.

బరువుకే మరో పరిమితి ఉంది, అది బండి కాగితాల్లోనే రాసి ఉంటుంది. అయిదు తలుపుల జిమ్నీ ఖాళీ బరువు సుమారు 1,200 కిలోలు. అన్నీ కలిపి అనుమతించిన గరిష్ఠ బరువు 1,545. మిగిలింది దాదాపు 340 కిలోలు. నలుగురు పెద్దవాళ్లు ఎక్కితే 260 పోతుంది. మిగిలిన 80 కిలోల్లోనే సామాను, నీళ్లు, తిండి, పనిముట్లు. ఇనుప బంపరు, వించ్ కలిపితేనే ఆ 80 అయిపోతుంది. ఆ బరువు ఎక్కడ కూర్చుంటుందో కూడా చూడాలి. థార్‌లో ముందు వెనక ఇరుసుల మధ్య దూరం 2,450 మిల్లీమీటర్లు. ముందు ఇరుసుకు 600 మిల్లీమీటర్ల ముందు 100 కిలోలు వేలాడదీస్తే, ముందు ఇరుసు మీద పెరిగేది 124 కిలోలు. వెనక ఇరుసు మీద 24 తగ్గుతుంది. బురదలో వెనక చక్రాలకు పట్టు కావలసిన చోట సరిగ్గా వాటినే తేలిక చేశామన్నమాట.

లిఫ్ట్ దగ్గరికి మళ్లీ వస్తాను, చెప్పాల్సింది ఇంకా మిగిలింది. సైకిల్ ముందు ఫోర్కు నిటారుగా ఉండదు, కాస్త వెనక్కి వాలి ఉంటుంది. చేతులు వదిలినా సైకిలు తిన్నగా పోవడానికి ఆ వాలు తోడ్పడుతుంది. జీపు ముందు చక్రాలకూ అలాంటి వాలు ఉంటుంది, దాన్ని కాస్టర్ అంటారు. జిమ్నీలో ముందు ఇరుసును పొడుగాటి చేతులు పట్టుకుని ఉంటాయి. ఛాసిస్‌ను లేపితే ఆ చేతులు కిందికి వంగి ఇరుసును కొన్ని డిగ్రీలు తిప్పేస్తాయి, కాస్టర్ తగ్గిపోతుంది. మలుపు తర్వాత స్టీరింగు తనంత తాను వెనక్కి రావడం తగ్గుతుంది, హైవే మీద బండి అటూ ఇటూ వెతుక్కుంటూ పోతుంది, గతుకు తగిలితే ముందు చక్రాలు వణుకు పట్టుకుంటాయి. ఇరుసు పక్కకు జరగకుండా ఆపే అడ్డ కడ్డీ కూడా లిఫ్ట్‌తో వంపు మారి ఇరుసును కాస్త ఒక పక్కకు లాగేస్తుంది. గేర్‌బాక్సు నుంచి ఇరుసుకు శక్తి తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్టు జాయింట్లు ఎక్కువ కోణంలో తిరగాల్సి వచ్చి త్వరగా అరుగుతాయి. చక్రం పూర్తిగా కిందికి వేలాడినప్పుడు బ్రేకు గొట్టం పొడుగు చాలుతుందో లేదో చాలామంది మెకానిక్‌లు ర్యాంపు మీద చూడరు. కమాన్ కట్టలున్న జిప్సీకైతే ఇంకా చవకైన దారి ఉంది: కట్ట చివర షాకిల్ పొడుగుది వేయడం. అదీ ఇరుసును తిప్పేదే, కాస్టర్‌ను తగ్గించేదే.

మంచి లిఫ్ట్ లేదని నేననడం లేదు. ఈ కోణాలన్నిటినీ సరిచేసే బుష్‌లు, సర్దుబాటు చేసుకునే అడ్డ కడ్డీ, సరైన పొడవున్న షాక్ అబ్జార్బర్లు, పొడుగు బ్రేకు గొట్టాలు అన్నీ కలిపి అమ్మే కిట్‌లు ఉన్నాయి. వాటి ధర స్పేసరు ధరకు ఎన్నో రెట్లు. ఆ తేడా దేనికో ఇప్పటికి పాఠకుడికి తెలిసే ఉంటుంది.

ఇక టైరు. థార్ టైరు పక్కన 255/65 ఆర్18 అని ఉంటుంది. 255 మిల్లీమీటర్ల వెడల్పు, అందులో 65 శాతం గోడ ఎత్తు, 18 అంగుళాల రిమ్ము. లెక్క కడితే మొత్తం వ్యాసం 789 మిల్లీమీటర్లు, సుమారు 31 అంగుళాలు. దీన్ని తీసి 33 అంగుళాలది వేస్తే వ్యాసం 838. డిఫరెన్షియల్ కింద దొరికిన అదనపు ఖాళీ 25 మిల్లీమీటర్లు. బదులుగా ఏం పోయిందో చూద్దాం. చక్రం ఒక చుట్టుకు 6 శాతం ఎక్కువ దూరం పోతుంది, అంటే అన్ని గేర్లూ 6 శాతం బరువెక్కినట్టే. స్పీడోమీటరుకు ఈ సంగతి తెలియదు. అది మొదట ఎంత సరిగా ఉందో దాన్నిబట్టి, 80 చూపించినప్పుడు బండి 85లో పోతుంటుంది. బ్రేకు డిస్కు పట్టే పట్టు అంతే, కానీ ఆ పట్టు నేలకు చేరేసరికి చక్రం వ్యాసార్థంతో భాగమవుతుంది. కాబట్టి అదే ఒత్తిడికి ఆపే బలం 6 శాతం తగ్గుతుంది. పెద్ద టైరు బరువు కూడా ఎక్కువ, ఆ బరువంతా చుట్టు అంచున ఉంటుంది కనుక దాన్ని తిప్పడానికీ ఆపడానికీ శ్రమ ఇంకా ఎక్కువ. కంప్యూటరు నడిపే, బండి అదుపు తప్పకుండా చూసే ఈఎస్‌పీ వ్యవస్థ చక్రాల వేగాన్ని చూసి నిర్ణయాలు తీసుకుంటుంది. దాని నిర్ణయాలు కంపెనీ వేసిన చక్రానికీ, కంపెనీ ఇచ్చిన ఎత్తుకూ సరిపోయేలా చేసినవి.

వెడల్పు గురించిన నమ్మకం మరీ గట్టిది: లావు టైరు నేలను ఎక్కువ పట్టుకుంటుందని. టైరులోని గాలి ఒత్తిడే దాదాపుగా బండి బరువును మోస్తుంది. 1,800 కిలోల బండిలో ఒక చక్రం మీద 450 కిలోలు పడితే, గాలి 30 పీఎస్‌ఐ, అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 2.1 కిలోలు ఉంటే, నేలను తాకే వైశాల్యం సుమారు 214 చదరపు సెంటీమీటర్లు. టైరు 255 అయినా 285 అయినా ఈ లెక్క పెద్దగా మారదు. మారేది ఆకారం: వెడల్పాటి టైరుది పొట్టి అచ్చు, సన్నటి టైరుది పొడుగు అచ్చు. గోడ గట్టిదనం కొంత తేడా తెస్తుంది గానీ అసలు సంగతి ఇదే. ఇప్పుడు గాలి 15 పీఎస్‌ఐకి తీసేయండి. వైశాల్యం దాదాపు రెట్టింపవుతుంది, అందులో ఎక్కువ భాగం పొడుగునే పెరుగుతుంది. ఇసుకలో తేలడానికి ఇంతకు మించిన మార్పు లేదు. దానికి కావలసింది ఒక గేజి, తారు ఎక్కేముందు మళ్లీ గాలి నింపడానికి పన్నెండు వోల్టుల చిన్న కంప్రెసరు. రెండూ కలిపినా ఒక్క టైరు ధరకు చాలా తక్కువ. తగ్గించిన గాలితో వేగంగా తిరిగితే టైరు రిమ్ము నుంచి ఊడుతుంది, తారు మీద వేడెక్కి చెడుతుంది. అందుకే గాలి తీసేవాళ్లు గాలి నింపే సాధనం దగ్గర పెట్టుకోవాలి.

పడమటి కాఫీ తోటల ప్రాంతమైన మల్నాడు బురదలో సంగతి వేరు. అక్కడ పైన జారుడు పొర, కింద గట్టి నేల. పైపొర మీద తేలే లావు టైరు అక్కడే జారుతుంది. కాఫీ తోటల్లో దశాబ్దాలుగా తిరిగిన పాత మహీంద్రా జీపులను చూడండి: 6.00-16 కొలత సన్నటి టైర్లు, అడ్డంగా గాళ్లు. రెండో ప్రపంచ యుద్ధం విల్లీస్ జీపు నుంచి వచ్చిన కొలత అది. తోట కూలీలనూ ఎరువు బస్తాలనూ వానాకాలమంతా మోసిన ఆ బళ్ల యజమానులకు ఎవరూ లావు టైరు అమ్మలేకపోయారంటే నాకు ఆశ్చర్యం లేదు. ఇరుకు వీల్ ఆర్చిలో లావు టైరు దూర్చడానికి రిమ్మును బయటికి నెట్టే వీల్ స్పేసర్లు వాడటం మరో తప్పు. చక్రం 30 మిల్లీమీటర్లు బయటికి జరిగితే, 450 కిలోల బరువు కింద బేరింగు మీద నిలకడగా ఉన్నప్పుడే 130 న్యూటన్ మీటర్లకు పైగా అదనపు మెలి పడుతుంది. గుంతలో పడ్డప్పుడు అది ఎన్నో రెట్లు.

నీళ్ల విషయానికి వద్దాం, బెంగళూరువాళ్లకు దీనికి కొండదాకా పోనక్కర్లేదు. 2022 సెప్టెంబరు మొదటి వారంలో ఔటర్ రింగ్ రోడ్డు, యమలూరు, సర్జాపుర రోడ్డు లేఅవుట్లు మునిగి, ఐటీ ఉద్యోగులు ట్రాక్టర్ల మీద ఆఫీసులకు వెళ్లారు. ఆ వారం తర్వాత స్నార్కెల్ చాలామందికి అవసరంలా కనిపించింది. ఇంజను గాలి తీసుకునే చోటును బానెట్ స్థాయి నుంచి టాపు స్థాయికి తేవడమే స్నార్కెల్ పని. ఆ పని ఎంత ముఖ్యమో ఒక లెక్క చెబుతుంది. థార్ డీజిల్ ఇంజను 2,184 సీసీ, నాలుగు సిలిండర్లు, ఒక్కోటి 546 సీసీ. సంపీడన నిష్పత్తి 16 అనుకుంటే, పిస్టన్ పైకి చేరినప్పుడు మిగిలే ఖాళీ 36 సీసీ. రెండున్నర టేబుల్ స్పూన్లు. అంతకు మించి నీళ్లు సిలిండర్లోకి వస్తే, గాలిలా అవి ఒత్తుకోవు కనుక పిస్టన్ ఆగిపోతుంది, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

కాబట్టి స్నార్కెల్ గొట్టంలో ఒక్క అతుకు కారినా అది ఉన్నట్టు కాదు. అందం కోసం ఫెండరుకు అతికించి, లోపల ఎయిర్ బాక్సు మూత, అడుగున నీరు కారే రంధ్రం అలాగే వదిలేసిన స్నార్కెళ్లు చాలా ప్రమాదకరం, ఎందుకంటే అవి ధైర్యం ఇస్తాయి. సరిగా బిగించిన స్నార్కెల్‌కూ హద్దుంది. థార్‌కు కంపెనీ చెప్పిన నీటి లోతు 650 మిల్లీమీటర్లు. స్నార్కెల్ ఇంజనును కాపాడుతుంది గానీ ఆల్టర్నేటరును, తలుపు సందులను, లోపలి వైర్లను కాపాడదు. బండిని తేలకుండా కూడా ఆపదు. అయిదు చదరపు మీటర్ల అడుగున్న బండి ఫ్లోరు పైన 30 సెంటీమీటర్ల నీరు చేరితే, లోపలికి నీరు దూరకముందు, పైకి నెట్టే బలం టన్నున్నర. థార్ బరువులో ఎక్కువ భాగం అది మోసేస్తుంది. టైర్ల మీద మిగిలిన కొద్దిపాటి బరువుతో పారే వాగును ఎదుర్కోలేం. నిలవ నీటిలో లోతు కంటికి తెలియదు. 2023 మే 21న కె.ఆర్. సర్కిల్ అండర్‌పాస్‌లో నిలిచిన వాననీటిలో కారు మునిగి, ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగం చేస్తున్న ఒక యువతి ప్రాణాలు కోల్పోయింది. ఆ నీటికి ఏ పరికరమూ జవాబు కాదు. దిగకపోవడమే మార్గం.

నీటిలో దిగక తప్పనివాళ్లు స్నార్కెల్ కంటే ముందు చేయించవలసిన పని ఒకటుంది, దాన్ని అడిగేవాళ్లు తక్కువ. హైవే మీద వచ్చిన డిఫరెన్షియల్ వేడిగా ఉంటుంది, లోపల గాలి 80 డిగ్రీలు ఉండవచ్చు. అది 25 డిగ్రీల వాగులో దిగగానే ఆ గాలి 15 శాతం దాకా కుంచించుకుంటుంది. ఆ ఖాళీ నింపడానికి బయటి నుంచి ఏదో ఒకటి పీల్చుకుంటుంది. ఇరుసు మీద బ్రీదర్ అనే చిన్న వాల్వు నీటిలో మునిగి ఉంటే, ఆ వాల్వు నుంచో ఆయిల్ సీళ్ల పక్కనుంచో నీటినే పీల్చుకుంటుంది. వారం తర్వాత నూనె పాలలా తెల్లబడి ఉంటుంది, క్రౌన్, పినియన్ అనే లోపలి పళ్లచక్రాలు తుప్పు పడతాయి. బ్రీదర్‌కు రబ్బరు గొట్టం తొడిగి బానెట్ లోపల ఎత్తుకు తెస్తే చాలు.

లైట్ల గురించి క్లుప్తంగా. పాత బళ్లలో 60 వాట్ల బల్బు తీసి అదే వైరు మీద 130 వాట్లది పెడితే, కరెంటు 5 ఆంపియర్ల నుంచి దాదాపు 11కి పెరుగుతుంది. వైరులో పుట్టే వేడి కరెంటు వర్గాన్నిబట్టి పెరుగుతుంది కాబట్టి అది దాదాపు అయిదు రెట్లు. స్విచ్చి కాలిపోవడం, డాష్‌బోర్డు వెనక పొగ రావడం అక్కడినుంచే. రిలే, ఫ్యూజు, తగిన మందం ఉన్న ప్రత్యేక వైరు లేకుండా ఏ అదనపు దీపమూ పెట్టకూడదు. ఎదుటివాళ్ల కళ్లు చెదరగొట్టే ఎల్ఈడీ లైట్ల మీద కర్ణాటక పోలీసులు 2024లో రాష్ట్రమంతటా కేసులు పెట్టడం మొదలుపెట్టారు, అది అవసరమే.

చట్టం కూడా తెలిసి ఉండాలి. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు చెప్పిన మౌలిక వివరాలతో తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు దీన్నే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా చట్టంలోకి వచ్చాయి. ముందు అమర్చే బుల్ బార్ల మీద కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు చర్య తీసుకోమని రాసింది. దానికి శాస్త్ర కారణం ఉంది. ఢీకొన్నప్పుడు బండి ముందు భాగం నలుగుతూ శక్తిని మింగాలి, ఆ నలిగే తీరును చూసే ఎయిర్‌బ్యాగ్ సెన్సర్లు పనిచేస్తాయి. మధ్యలో బిగించిన ఇనుము ఆ బలాన్ని నేరుగా ఛాసిస్‌కు చేరవేస్తుంది. రోడ్డు దాటే మనిషి తుంటికీ తలకూ తగిలేది కూడా ఆ ఇనుమే.

ఇన్ని వద్దన్న తర్వాత, ఏది ముందు కావాలో చెప్పాలి. బురదలో దిగే బండికి మొదటి ఖర్చు లాగే కొక్కెం. దిగబడ్డ బండిని లాగడానికి దాని బరువును మించిన బలం పట్టవచ్చు. ట్రెయిలర్ తగిలించే ఇనుప బంతికి తాడు కట్టడం ఇక్కడి బాటల్లో జరుగుతున్న అతి ప్రమాదకరమైన పని. ఆ బంతి నిలకడగా లాగడానికి చేసినది, కుదుపుకు కాదు. 1,800 కిలోల బండి గంటకు 10 కిలోమీటర్ల వేగంతో తాడును బిగిస్తే, ఆ తాడులో చేరే శక్తి దాదాపు 7,000 జౌళ్లు. అందులో పదో వంతు చాలు, తెగిన కిలో ఇనుము ముక్క 130 కిలోమీటర్లకు మించిన వేగంతో ఎగిరి రావడానికి. కొక్కెం బంపరు రేకుకు కాకుండా ఛాసిస్ పట్టీకి బిగించి ఉండాలి. బోల్టు తల మీద అంకె చూడండి. 8.8 అని ఉంటే, ఎం12 బోల్టు ఒక్కటి సుమారు 67 కిలోన్యూటన్ల దాకా, అంటే దాదాపు 6.8 టన్నుల లాగుడు దాకా తెగదు. 4.6 అని ఉంటే అందులో సగమే. ఏ అంకే లేకపోతే దాన్ని తీయించి, 8.8 రకం బోల్టు వేయించాలి. జె.సి. రోడ్డులో అది కొన్ని పదుల రూపాయలకు దొరుకుతుంది.